ఉప్పు గదిలో ముడి

మా ఊరు విదాలో, మా పెరటి చివర ఒక ఉప్పు గది ఉంది. అందులో ముడి వేసిన మూట పెట్టకూడదని మా వాళ్ళ మాట. పెడితే తెల్లారేసరికి విప్పి ఉంటుంది. దొంగతనమేమీ జరగదు... ఒక్క ఉప్పురాయి కూడా పోదు. ముడి మాత్రం ఉండదు.

మా తాతగారి చెల్లెలు అకువి అక్కడే పురుట్లో పోయిందట. నొప్పులు తట్టుకోవడానికి నడుముకి బిగించిన గుడ్డ ముడి వేళకి ఎవరి చేతికీ ఊడిరాలేదట. అప్పటినుంచీ చీకటి పడితే అటు వెళ్ళేవాళ్ళు లేరు.

నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పటి మాట ఇది. అమ్మ పేరు అయాబా. అప్పటికి ఆ ఇంటికి కోడలై ఏడాది కాలేదు. ఎన్నోసార్లు అడిగి చెప్పించుకున్నాను కనుక అమ్మ మాటల్లోనే నాకు గుర్తుంది.

ఇంట్లో ఒక కొండచిలువ ఉండేది. మా వైపువి చిన్నవి, బారెడుకి మించవు. మేము ఆయన్ని పాము అనం, పెద్దాయన అంటాం. ఊళ్ళో ఎవరింటికైనా పెద్దాయనలు వచ్చి పోతూనే ఉంటారు. మా నాన్న పుట్టిన రోజున వచ్చిన ఈయన మాత్రం తిరిగి వెళ్ళలేదు. పొయ్యి వెనక గంపలో ఆయన పడక. కుండలో నీళ్ళు, పదిరోజులకో ఎలుక. కన్నుమూస్తే మనిషికి చేసినట్టే తెల్లగుడ్డ చుట్టి సాగనంపాలి.

నాయనమ్మ అగ్బోసి, అలాడా అనే ఊళ్ళో ఉన్న చెల్లెల్ని చూడటానికి వెళుతూ అమ్మకి అప్పగింతలు పెట్టింది.

"నీళ్ళు రోజూ మార్చు. తినకపోతే బలవంతం చెయ్యకు. పడకని చలిగాలికి పెట్టకు. జాగ్రత్త పిల్లా, నా ప్రాణం నీ చేతుల్లో పెట్టి పోతున్నా."

అమ్మకి తన తోడికోడలి సంగతి గుర్తొచ్చింది. పెద్దకోడలు ఒకసారి విసుగొచ్చి ఆయన మీదికి చీపురు విసిరింది. అంతే — సాయంత్రానికల్లా ఆమె పెట్టె వీధిలో ఉంది. ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఎనిమిదో రోజున ఎడారి గాలి మొదలైంది. పెదవులు పగిలే పొడి చలిగాలి. గంప కడుగుదామని అమ్మ దాన్ని పొయ్యి దగ్గర నుంచి బయట అరుగు మీద పెట్టి, అంట్ల పనిలో పడి మరిచిపోయింది. దీపాలవేళకి గుర్తొచ్చి పరుగెత్తింది.

పెద్దాయన గంపలోనే చుట్ట చుట్టుకుని ఉన్నాడు. ఒళ్ళు మట్టిరంగు. ముట్టుకుంటే బావినీళ్ళంత చల్లన. దీపం దగ్గరగా పట్టింది...

కళ్ళు రెండూ తెల్లగా, పాలు పోసినట్టు.

గోడ అవతలి నుంచి పొరుగింటి హుయెఫా పలకరించింది. "ఏమే అయాబా, అలా నిలబడిపోయావు? దెయ్యాన్ని చూశావా?"

"లేదక్కా... నడుం పట్టేసింది."

"పట్టదూ మరి! రేపు మీ అత్త వస్తే ఇంకా గట్టిగా పడుతుందిలే!" నవ్వుకుంటూ పోయింది.

నాన్న కొటొనూ రేవులో పనికి వెళ్ళాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే. ఊళ్ళో తెలిస్తే నాయనమ్మ వచ్చేలోపే మాట నలుదిక్కులా పాకుతుంది. అమ్మ తన పెళ్ళినాటి తెల్లగుడ్డ తీసింది. ఆయన్ని పరుండబెట్టి చుట్టింది. శవానికి వేసినట్టే మూడు ముడులు వేసింది. ఎవరూ తొంగిచూడని చోటు ఒక్కటే ఉంది. కళ్ళు మూసుకుని ఉప్పు గదిలో పెట్టి వచ్చింది.

నిద్ర లేదు. దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంది. నడిరేయి దాటాక — సర్... సర్... ఇసుక మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు.

ఆగింది.

మళ్ళీ సర్...

తలుపు సందులోంచి చూసింది. ఉప్పు గది వైపు నుంచి తెల్లగా ఏదో వస్తోంది. కాళ్ళు లేవు. మోకాలెత్తు కూడా లేదు. నేలని అంటుకుని, ఆగి ఆగి, వాసన పడుతున్నట్టు వంటింటి వైపు మళ్ళింది.

"అకువీ..." అమ్మ రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది. "నా బిడ్డని ఏమీ చెయ్యకమ్మా..."

చప్పుడు ఆగిపోయింది. తెల్లారేదాకా మళ్ళీ రాలేదు.

పొద్దు పొడిచేసరికి నాయనమ్మ దిగింది. అమ్మ ఆమె కాళ్ళ మీద పడింది. "అత్తా, పెద్దాయన్ని చలికి చంపేశాను. నన్ను పంపించెయ్. పురుడయ్యేదాకా మాత్రం ఉండనీ..."

నాయనమ్మ మూట దించింది. "కళ్ళెలా ఉన్నాయి?"

"తెల్లగా... పాలలాగా."

"ఒళ్ళు?"

"మట్టిరంగు."

నాయనమ్మ నెత్తి కొట్టుకుని పకపకా నవ్వింది. "ఓసి నా పిచ్చికోడలా! ఆయన కుబుసం విడిచే రోజులే అవి! కళ్ళు కనపడవు, తిండి ముట్టడు. పైగా చలికి బిగుసుకుపోయుంటాడు. చెప్పకపోవడం నా బుద్ధి తక్కువ. పద!"

వంటింట్లో, వెచ్చటి బూడిద పక్కన, పెద్దాయన పడుకుని ఉన్నాడు. కొత్త ఒళ్ళు నూనె రాసినట్టు మెరుస్తోంది. పక్కన తెల్లగుడ్డ, అందులో చిక్కుకుని చిరగని కుబుసం. అమ్మ ఏడ్చింది, నవ్వింది. నాయనమ్మ ఆమె చెవి మెలిపెట్టి, "ఎక్కడికీ పోవు నువ్వు. ముందు నీళ్ళ కుండ నింపు" అంది.

గుడ్డ దులుపుతూ నాయనమ్మ ఆగిపోయింది.

"ఎలా కట్టావు?"

"మూడు ముడులత్తా. పళ్ళతో బిగించి ఉప్పు గదిలో పెట్టాను."

గుడ్డ అంచులు నలిగి ఉన్నాయి, ముడి ఒక్కటీ లేదు. ఎక్కడా చిరగలేదు. నాయనమ్మ ఉప్పు గది వైపు తిరిగింది. గుసగుసగా అంది —

"ఆయనకి చేతులు లేవే, పిల్లా."

నెలలు నిండినప్పుడు ఊరంతా వద్దన్నా, నాయనమ్మ అమ్మకి పక్క ఉప్పు గదిలోనే వేయించింది. నేను అక్కడే పుట్టాను. తల బయటపడేటప్పటికి బొడ్డుపేగు నా మెడకి రెండు చుట్లు చుట్టుకుని ఉందట. మంత్రసాని అరిచింది, చెయ్యి చాచింది...

చెయ్యి తగిలేలోపే — చుట్లు విడిపోయి ఉన్నాయట.