పొగలో వెనక తలుపు

మా కంపెనీలో పిచ్చి ప్యాసింజర్ వేషం నాదే. ఆరు నెలలుగా నాదే. పోటీకి ఎవరూ రాలేదు కూడా.

పనేమిటంటే, విమానంలో మంటలు వచ్చాయనుకోవాలి. దీపాలు ఆర్పేస్తారు, పొగ మిషన్ పెడతారు, స్పీకర్లలో కేకలు వేయిస్తారు. ఎయిర్ హోస్టెస్ తలుపు తెరవడానికి లేస్తుంది. అప్పుడు వెర్రెత్తిన ప్రయాణికురాలు ఒకతి వెనకనుంచి మీద పడి జుట్టు లాగాలి, రక్కాలి, మెడ పట్టుకోవాలి. అంత గొడవలోనూ తలుపు తెరవగలిగితే పాసు. ఆ వెర్రెత్తిన మనిషిని నేను. పద్దెనిమిదేళ్లు నవ్వు మొహంతో మంచినీళ్లు అందించాక ఈ పని ఎంత హాయిగా ఉంటుందో చెబితే నమ్మరు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది.

ఇదంతా కొత్త రకం విమానాల కోసం. పాతవన్నీ తీసేసి కొత్తవి తెస్తున్నారు కాబట్టి పైలట్ల దగ్గర్నుంచి సామాను ఎక్కించేవాళ్ల దాకా అందరం మళ్లీ పలకా బలపం పట్టాం. మాకు వచ్చిన చిక్కు తలుపు దగ్గర. పాత విమానంలో తలుపు హ్యాండిల్‌ని పక్కకి తిప్పాలి. కొత్తదాంట్లో పైకి ఎత్తాలి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే అందరూ టక్కున ‘పైకి’ అనే చెబుతారు. పొగలో నిలబెట్టి జుట్టు లాగితే మాత్రం చెయ్యి తిప్పడానికే పోతుంది. అలా తిప్పితే తలుపు బిగుసుకుంటుంది. మళ్లీ వదులు చేసుకుని ఎత్తేలోపు వెనకున్న జనం మీద పడిపోతారు.

మా చెల్లెలు ఈ పరీక్ష రెండుసార్లు తప్పింది.

అది నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. అమ్మ పోయాక దానికి జడలు వేసిందీ, జ్వరం వస్తే పక్కన పడుకుందీ నేనే. నా యూనిఫాం వేసుకుని అద్దం ముందు నిలబడి ‘సీటు బెల్టులు పెట్టుకోండి’ అంటూ పెరిగింది. పెళ్లయ్యాక కూడా మొగుడితో సహా నా ఇంట్లోనే కాపురం పెట్టింది. నేను చెప్పబోయే రోజుకి మర్నాడు పొద్దున దాని మూడో పరీక్ష. అదీ తప్పితే ఇక జన్మలో విమానం ఎక్కనివ్వరు, టికెట్ల కౌంటర్లో కూర్చోవాలి. ఆ మాట వింటేనే దాని కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

“అక్కా, మధ్యాహ్నం ఒక్కసారి నాతో చెయ్యవా? నువ్వే చెయ్యి. వాళ్లంతా నీ చెల్లెల్నని మెత్తగా పట్టుకుంటున్నారు. అందుకే నాకు రావట్లేదు” అంది ఆ రోజు పొద్దున, షూ లేసులు కట్టుకుంటూ.

“నేను పట్టుకుంటే ఏడుస్తావే.”

“ఏడుస్తాలే. నిజంగా కొట్టు.”

సొంతవాళ్ల మీద ఆ వేషం వెయ్యకూడదని మాకు రూలు, అందుకే దాని వంతు వచ్చినప్పుడు మాత్రం వేరేవాళ్లు వేసేవాళ్లు. ఎందుకు పెట్టారో నాకప్పుడు తెలియదు. చెల్లి మొహం చూసి సరేనన్నాను.

మేం సాధన చేసేది షెడ్డు మూలన ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన విమానం ముక్కలో. ముక్కూ లేదు, రెక్కలూ లేవు. పదకొండు వరసల సీట్లు, ముందు ఒక తలుపు, వెనక ఒక తలుపు. కొత్త రకానిదే, కాకపోతే ఎక్కడో కాలిపోయిన విమానంలోంచి కోసి తెచ్చారు. దాన్ని బిగించిన మెకానిక్‌ని అందరం గ్రీజు బాబాయ్ అంటాం. ఆయన నాతో ఒక్కదానితోనే ఒక మాట చెప్పాడు. వెనక తలుపు లోపలి రేకు విప్పితే సందులో గోళ్లు దొరికాయట. ఆడవాళ్లవి, మగవాళ్లవి, చిన్నపిల్లలవి... గుప్పెడు. ఆ తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నమ్మాయి వేరే రకం విమానం నుంచి మారి పదకొండు రోజులేనట. హ్యాండిల్ తిప్పుతూనే ఉందట.

“బాబాయ్, నువ్వు రోజూ గ్రీజు పూసుకుంటున్నావా, తాగుతున్నావా?” అని నవ్వాను.

ఆయన నవ్వలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి అందరూ క్యాంటీన్‌కి పోయారు. బయట దీపాలూ పొగా నడిపే మీటల దగ్గర కూర్చోమని బాబాయ్‌ని బతిమాలాను. గొణుక్కుంటూ కూర్చున్నాడు. మా మధ్య ఒక ఆనవాలు మాట ఉంది, ‘గొడుగు’. ఆ వేషంలో ‘ఆపు’, ‘వదులు’, ‘చచ్చిపోతున్నా’ అన్నా ఆపకూడదు, ఎందుకంటే నిజం ప్రమాదంలోనూ అవే అరుస్తారు. కాలిపోతున్న విమానంలో ఎవరూ గొడుగు అనరు కాబట్టి, ఆ మాట వింటే అంతా ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోవాలి. ఇప్పటిదాకా ఆగనివాళ్లు లేరు.

చెల్లి వెనక తలుపు పక్కన మడత సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. నేను పదో వరసలో కూర్చున్నాను. మనుషులు లేని సీట్ల మీద బయటి వెలుగు పడుతోంది. దుమ్ము వాసన, కొత్త రెక్సిన్ వాసన. ఎక్కడో ఫ్యాన్ తిరుగుతోంది.

“భయంగా ఉందా?” అన్నాను.

“నువ్వున్నావుగా” అంది.

కిటికీల రేకులు దిగాయి. చీకటి. సీట్ల కిందనుంచి పొగ పాకుతూ వచ్చింది. మా పొగ తియ్యగా ఉంటుంది, పిప్పరమెంటు కాల్చినట్టు. మోకాళ్ల దాకా వచ్చింది, నడుం దాకా వచ్చింది, నా చెయ్యి నాకు కనిపించకుండా పోయింది. స్పీకర్లలో కేకలు మొదలయ్యాయి. ఆ కేకలు నాకు కంఠతా వచ్చు. మొదట ఒక మగాడు, తర్వాత పసిపిల్ల, తర్వాత గుంపు.

చెల్లి బెల్టు ఊడిన చప్పుడు విని లేచాను. రెండు అంగల్లో దాని మీద పడ్డాను. ఎడమ చేత్తో జుట్టు ముడి దొరకబుచ్చుకుని వెనక్కి గుంజాను. కెవ్వుమంది. అయినా కుడి చెయ్యి తలుపు మీద తడుముతోంది. హ్యాండిల్ దొరికింది.

తిప్పింది.

“పైకే మొద్దూ! పైకి!” అని మణికట్టు మీద గట్టిగా కొట్టాను.

అప్పుడు వాసన మారింది. తియ్యటి వాసన పోయి కిరసనాయిలు... దాని వెనక కాలిన వెంట్రుకల వాసన. మిషన్ వేడెక్కిందేమో, బాబాయ్‌ని పిలుద్దాం అనుకుంటూ నోరు తెరిచాను. నా మెడ మీద ఎవరో చెయ్యి వేశారు.

వేడిగా ఉంది.

విదిలించుకోబోతే ఆ చేతి తోలు నా వేళ్లకి ఊడి వచ్చింది, ఉడికిన దుంప తొక్కలా. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు. ఇంకో చెయ్యి నడుం పట్టుకుంది. ఇంకోటి నా నోట్లో దూరి దవడ పట్టుకుని లాగింది. కొరికాను. ఏదో విరిగింది. నా మడమల మీద ఎవరో బూట్లతో ఎక్కి నిలబడ్డారు. వెనకనుంచి బరువు... ఒక మనిషి బరువు కాదది, పదకొండు వరసల బరువు. నా రొమ్ము చెల్లి వీపుకి అదుముకుపోయింది. దాని మొహం తలుపుకి నొక్కుకుపోయింది. పక్కటెముక ఒకటి పుటుక్కుమంది. నాదో, దానిదో.

ఊపిరి లేదు.

ఇక్కడినుంచి చెప్పడం నాకు కష్టం. అయినా చెబుతాను. వాళ్లు నన్ను ఏదో చేయించారని అనలేను. నాకు బయటికి పోవాలనిపించింది. అంతే. నా ముందు ఎవతో అడ్డంగా నిలబడి తలుపు తెరవకుండా ఆలస్యం చేస్తోంది. అది నా చెల్లెలని తెలుసు. తెలిసినా నాకేమీ అనిపించలేదు. రెండు చేతులా జుట్టు పట్టుకుని దాని తల తలుపుకేసి కొట్టాను. మళ్లీ కొట్టాను. తడిగా తగిలింది. మళ్లీ కొట్టాను.

“అక్కా... గొడుగు.”

వినపడింది.

“గొడుగు... అక్కా, గొడుగు...”

ఆగలేదు. నా వెనక ఒక మగ గొంతు మెల్లగా అంది, “గొడుగు.” పక్కనుంచి ఒక పసిపిల్ల, “గొడుగు.” తర్వాత వరసలన్నీ అందుకున్నాయి. గొణుగుతూ, దగ్గుతూ... నోటినిండా పొగతో... గొడుగు, గొడుగు, గొడుగు. నేనూ అన్నాను వాళ్లతో. అంటూనే కొట్టాను. దాని మణికట్టు నా మోచేతి కింద విరిగింది, ఎండు పుల్ల విరిగినట్టు. అది ఇంక అరవలేదు.

తలుపు తెరుచుకుంది.

తెల్లటి వెలుగు. చెల్లి ముందుకి పడింది. నేను దాన్ని తొక్కి దూకబోయాను...

తర్వాత గుర్తుకి వచ్చేది షెడ్డు నేల. దాని మీద నిలబడి ఉన్నాను. వెనక తలుపు కింద పరిచి ఉంచే పరుపు మీద చెల్లి పడి ఉంది. నుదురు చీలి మొహమంతా నెత్తురు. బాబాయ్ తన చొక్కా విప్పి దాని తలకి చుడుతున్నాడు. నా దగ్గరకి రాలేదు.

లోపల కెమెరా ఉంటుంది, పరీక్షలకి మార్కులు వెయ్యడానికి. మా పెద్దాఫీసరు ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి చూపించాడు. పొగలో ఇద్దరమే. నేను కొట్టడం, అది తల తిప్పి ఏదో చెప్పడం, నేను కొట్టడం. మొత్తం నలభై సెకన్లు. నా వెనక ఎవరూ లేరు. అది బయట పడగానే వెనక తలుపు దానంతటదే మూసుకుంది. ఆపైన పొగ తప్ప ఏమీ కనిపించలేదు. ఆఫీసరు టీవీ కట్టేసి, రేపటినుంచి రావద్దన్నాడు.

గుమ్మం బయట బాబాయ్ నిలబడి ఉన్నాడు. “నువ్వు ముందు తలుపులోంచి వచ్చావమ్మా. మెట్లు దిగి, నడుచుకుంటూ. జుట్టు కూడా చెదరలేదు” అన్నాడు. నా మొహం చూడకుండా చెప్పాడు.

ఆసుపత్రిలో చెల్లికి రెండో రోజు తెలివొచ్చింది. కాళ్ల మీద పడి ఏడుద్దామని వెళ్లాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. దాని మంచం దగ్గర మా మరిది కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే అది దిండులోకి దూరిపోయింది. కట్టు కట్టని చేత్తో మొగుడి చొక్కా పట్టుకుంది.

“అక్క లోపలే ఉండిపోయిందండీ. ఆ ఆడమనిషి నన్ను చంపేస్తుంటే అక్క అడ్డం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని హ్యాండిల్ పైకి ఎత్తించింది. నన్ను బయటికి తోసేసింది. తలుపు మూసుకుపోయింది... ఎవరైనా వెళ్లి తీసుకురండి” అని గుసగుసలాడింది.

“ఇదిగో, మీ అక్క ఇక్కడే ఉందిగా” అన్నాడు మరిది.

అది నా వైపు చూసింది. కాసేపు చూసింది. “ఈవిడా?” అంది.

నడవాలోకి వచ్చాక మరిది నా భుజం తట్టాడు. “తలకి దెబ్బ కదా వదినా. కొన్నాళ్లకి సర్దుకుంటుందన్నాడు డాక్టరు. మనసులో పెట్టుకోకు.” మంచివాడు. ఆ వీడియో వాడింకా చూడలేదు.

రెండు నెలలైంది. చెల్లి చెయ్యి అతుక్కుంది. వాయిదా పడిన పరీక్షకి వెళ్లింది. పొగలో మొదటిసారే హ్యాండిల్ పైకి ఎత్తిందట, కళ్లు మూసుకుని. కొత్త విమానంలో డ్యూటీ కూడా వేశారు. దాని కోరిక తీరింది. నేను సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. ఇంట్లో నన్ను ‘మీరు’ అంటుంది, చుట్టాలతో మాట్లాడినట్టు మర్యాదగా. రాత్రిళ్లు గది లోపల గడియ వేసుకుంటుంది.

మొన్న బాబాయ్ ఫోన్ చేశాడు. డ్యూటీ ఉన్నా లేకపోయినా మా చెల్లెలు రోజూ మధ్యాహ్నం భోజనం డబ్బా తీసుకొచ్చి, ఆ విమానం ముక్క లోపలికెళ్లి ఆఖరి వరసలో పెట్టి వస్తోందట. గంట తర్వాత వెళ్లి తెచ్చుకుంటుందట.

“పిచ్చిపిల్ల అని ఊరుకున్నానమ్మా. కానీ డబ్బా ఖాళీగా ఉంటోంది. నిన్న ఆ పిల్ల బయటికి రాగానే నేనే రెండు తలుపులకీ తాళాలు వేసి, తాళంచెవులు జేబులో పెట్టుకుని అక్కడే కూర్చున్నా. అయినా ఖాళీయే.” గొంతు తగ్గించి అడిగాడు, “నువ్వు... ఇప్పుడు ఇంట్లోనే ఉన్నావు కదా?”

ఉన్నానన్నాను. అద్దంలో చూసుకుని మరీ చెప్పాను.

ఇవాళ పొద్దున వంటింట్లో నిలబడి చూశాను. డబ్బాలోకి కూర వేరే గిన్నెలో, మిరపకాయ తగలకుండా వండుతోంది. మా ఇంట్లో కారం పడనిది నాకొక్కదానికే. చిన్నప్పటినుంచీ ఒక్క ముద్ద కారంగా ఉన్నా కళ్లమ్మట నీళ్లు కారిపోయేవి. మా ముగ్గురికీ వండింది మాత్రం ఎర్రగా ఉంది. నా కంచంలోనూ అదే పెట్టి, “తినండి” అని పక్కకి జరిగింది.

దాని మనసు కష్టపెట్టకూడదని మొత్తం తిన్నాను. నా కళ్లల్లో నీళ్లు రాలేదు. నాలిక మీద ఏమీ తెలియలేదు. అసలు ఆ రోజునుంచి నాకు ఒక్క పూట కూడా ఆకలి వెయ్యలేదు.