పదమూడో ఫ్రేము

"వంద స్పీడు ఫిల్మా? ఈ వానల్లో, ఇంటి లోపల?" నెస్మా ఫొటో షాపు బల్ల వెనక నుంచి తలెత్తింది. "మాస్టారూ, మీకు కావలసింది ఫొటోలా, బొగ్గు ముక్కలా?"

హైసమ్‌కి ఒళ్లు మండింది. అతను భూగోళం పాఠాలు చెప్పే బడిలో ఎంత అల్లరి పిల్లాడైనా ఇలా మాట్లాడడు.

"చవకని అడిగాను."

"చవకకి నా దగ్గర వేరే దారుంది. నలుపు తెలుపు ఫిల్మ్ పెద్ద చుట్ట కొని, చీకట్లో కోసి, పాత డబ్బీల్లో మేమే చుడతాం. నాలుగొందల స్పీడు. మసక గదినైనా పట్టేస్తుంది. కడగడం కూడా ఇక్కడే. ప్రింట్లు వద్దు, ఫ్రేములన్నీ ఒకే కాగితం మీద అచ్చేస్తాను. పెద్ద ల్యాబ్ వాళ్లు అడిగేదాంట్లో మూడో వంతు అవుతుంది."

"అంత తక్కువకి ఎలా?"

"పనిలో సగం మీదే. కాగితం మీరే కడుక్కోవాలి."

ఆమె మావయ్య రషాద్ అట్టపెట్టెలోంచి ఒక డబ్బీ తీశాడు. "ఇదొక్కటే ఉంది బాబూ, చుట్ట చివరి ముక్క, పదమూడే ఫ్రేములు. చూడు, ఫిల్మ్ నాలుక, ఈ మొదటి ముక్క, తిన్నగా బయటికుంది, అంటే కొత్తది. వాడినవాటికి నాలుక కొస మడిచి పెడతాం."

ఆ సాయంత్రమే హైసమ్ లబ్బాన్ పేటలోని తమ పాత ఇంటికి వెళ్లాడు. గోడలు బీటలిచ్చాయని గురువారం కూల్చేస్తామని నోటీసు అంటించారు. అమ్మ పోయింది ఆ ఇంట్లోనే, రెండేళ్ల కిందట. ఆ తర్వాత నాన్న ఆ వీధి మొహం చూడలేదు.

ఇంట్లో డిగ్రీ దాకా చదివింది హైసమ్ ఒక్కడే. పాసైన రోజు అమ్మ కుట్టుపని డబ్బుతో పాత రష్యన్ కెమెరా కొనిచ్చింది. "మొదటి ఫొటో నాదే తియ్యి" అంది. ఫిల్మ్ ఖరీదని అతను వాయిదా వేస్తూ పోయాడు. చివరికి ఆ కెమెరాలో అమ్మ పడనే లేదు. కనీసం ఆమె తిరిగిన గదులైనా అందులో పడాలని ఫోను జేబులోనే ఉంచి ఆ కెమెరాని భుజాన వేసుకున్నాడు.

ఇల్లంతా ఖాళీ. ఎక్కడో నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. అతను వరండాలో ఉంటే వంటింటి తలుపు కిర్రుమంది. వంటింట్లోకి వెళ్తే వరండాలో ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. అయినా ఫిల్మ్ అయిపోయేదాకా తీశాడు.

గురువారం ఇల్లు కూల్చేశారు.

శనివారం షాపు వెనక చీకటి గదిలో నెస్మా కాగితం మీద ఫిల్మ్ ముక్కలు పరిచి, లైటు వేసి ఆర్పి, దాన్ని మందు నీళ్ల పళ్లెంలోకి జార్చింది. ఎర్ర బల్బు కింద ఇద్దరూ వంగారు.

"మెల్లగా ఊపండి. అన్నం వార్చినట్టు కాదు, ఊయల ఊపినట్టు."

"నాకు రెండూ రావు."

"పెళ్లిచూపుల్లో ఈ మాట అనకండి."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. తెల్ల కాగితం మీద గదులు తేలుతున్నాయి. గదులతో పాటు ఒక మనిషి కూడా. మొదటి ఫ్రేములో కిటికీ పక్కన తెల్ల గౌనులో ఒక ఆడమనిషి కూర్చుంది. ఆమె ఒంట్లోంచి గోడ బీట కనిపిస్తోంది. రెండోదాంట్లో వరండాలో ఉంది. మూడోదాంట్లో మంచం ఉండే చోట. మూడింట్లోనూ సూటిగా అతన్నే చూస్తోంది.

"ఆ ఇంట్లో ఎవరూ లేరు," అన్నాడు. "ఒట్టు."

నెస్మా కాగితం మీదికి ఇంకా వంగింది. అతను తల తిప్పి చూశాడు. ఎర్ర వెలుగులో, జానెడు దూరంలో, అదే ముఖం.

హైసమ్ వెనక్కి దూకాడు. మగ్గు దొర్లి మోగింది.

"అరవకండి! నేనే. బతికే ఉన్నాను." నెస్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది నేను వాడిన ఫిల్మ్. పాస్‌పోర్టు ఫొటోల లైటు నేర్చుకోవాలని నల్ల తెర ముందు నన్ను నేనే తీసుకున్నాను. మావయ్య టీకి పిలిస్తే నాలుక మడవడం మర్చిపోయాను. కొత్తదనుకుని ఆయన మీకిచ్చేశాడు. నా బొమ్మల మీదే మీ గదులు పడ్డాయి. కడిగేటప్పుడు నెగటివ్‌లో గీతలూ నీడలే అనుకున్నాను."

"ఆ ఇల్లు ఇక లేదండీ," అన్నాడు హైసమ్. "మళ్లీ తీయలేను. మా అమ్మ ఇల్లు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతసేపూ గలగలలాడిన మనిషి వంగి, దొర్లిన మగ్గు తీసి పెట్టింది. అది చూశాక అతనికి కోపం నిలవలేదు. "ఊరుకోండి," అన్నాడు. "ఖాళీ ఇంట్లో ఒక మనిషైనా కనబడ్డారు."

మర్నాడు వాన జోరుగా ఉంది. హైసమ్ వాళ్ల నాన్నతో కలిసి షాపుకొచ్చాడు. ట్రాములో ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టిన ఆయనకి ఈ రెండేళ్లలో మాటలు కరువయ్యాయి. బల్ల మీద కాగితం పరిచి, రషాద్ దగ్గర భూతద్దం తీసుకుని ఫ్రేములన్నీ చూసి, నెస్మా ముఖంలోకి చూశాడు.

"నువ్వేనామ్మా మా ఇల్లంతా తిరిగింది?"

"తప్పయిపోయింది బాబాయ్."

"తప్పేముంది. మా గదులన్నీ చూసేశావు. ఇక వీడి సంగతొక్కటే చూడాలి."

"నాన్నా!" హైసమ్ చెవులు ఎర్రబడ్డాయి. రషాద్ దగ్గుతూ టీ గ్లాసులు సర్దాడు. నెస్మా మాత్రం తల దించుకుని, "మాస్టారికి ఊయల ఊపడం రాదట, నేర్పాలి," అంది.

పెద్దాయన నవ్వాడు. రెండేళ్లలో మొదటిసారి. "కానీ తల్లీ, ఇది మాత్రం నువ్వు కాదు." ఆయన వేలు పదమూడో ఫ్రేము మీద ఆగింది.

వంటిల్లు. పొయ్యి గట్టు దగ్గర అటు తిరిగి ఒక మనిషి నిలబడి ఉంది. ఒక పాదం ఎత్తి రెండో పాదం మీద ఆనించింది, చలికి.

నెస్మా ముఖం పాలిపోయింది. "నేను పన్నెండే తీశాను. పన్నెండోదానికి బల్బు మాడిపోయింది. నాకు వీపు వైపు ఫొటో లేదు."

బయట వాన ఒక్కసారిగా తెరిపిచ్చింది.

"వంట చేసినంతసేపూ మీ అమ్మ అలాగే నిలబడేది," అన్నాడు నాన్న. "నేల చల్లగా ఉంది, చెప్పులేసుకోవే అంటే వినేది కాదు."

హైసమ్ ఆ ఫ్రేము పక్కన చెయ్యి ఆనించాడు. బల్ల మీదుగా వచ్చి ఇంకో చెయ్యి దాన్ని పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"నెస్మా," అన్నాడు, తొలిసారి పేరు పెట్టి. "దీన్ని పెద్దది చేద్దాం."

"చేద్దాం," అంది ఆమె. "కాగితం నేనే కడుగుతాను."