తాత పోసిన ఆయుష్షు

ఆ ఇంట్లో పొద్దున్నే పేపరు చదవరు, సీసాల మీద లేబుళ్ళు చదువుతారు. ఆ రోజు కూడా చిట్టి ఒక చేత్తో బ్రెడ్డు ముక్క, ఇంకో చేత్తో షాంపూ సీసా పట్టుకుని గొంతు సవరించుకుంది. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. తలకు రాసి, కడిగి, మళ్ళీ ఒకసారి రాయమని ఉందని చదివి, తీర్పు కోసం తాత వైపు చూసింది.

తాత టీ గ్లాసు కింద పెట్టాడు. మొదటిసారికే మురికి పోతే రెండోసారి దేనికి రాయాలో, పోకపోతే మొదటిసారి దేనికి రాసినట్టో ఆ కంపెనీవాడినే అడగమన్నాడు. సీసా తొందరగా ఖాళీ అవడానికి తప్ప ఆ రెండోసారికి ఇంకో పని లేదని తేల్చేశాడు. చిట్టి పక్కనే ఉన్న దగ్గు మందు డబ్బా అందుకుని, చల్లని పొడి ప్రదేశంలో ఉంచాలట అంది.

"మనింట్లో అలాంటి చోటుంటే ముందు నేనే వెళ్ళి పడుకుంటానే" అన్నాడు తాత.

చిట్టి పడీపడీ నవ్వింది. పొయ్యి దగ్గర వాళ్ళమ్మ కూడా నవ్వింది. ఇంటి కింది వాటాలో ఆమెకి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే కొట్టుంది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె లాండ్రీ అక్కే. నీళ్ళు తగలనివ్వకూడదని చీటీ కుట్టిన కోట్లలో సగం చన్నీళ్ళకి నిక్షేపంలా ఆగుతాయని ఆమెకి తెలుసు. ఆ చీటీ రాసినవాడి కడుపు చల్లగా ఉండాలి, వాడి పుణ్యాన మన కొట్టు నడుస్తోందని ఆమె ఎప్పుడూ అంటూ ఉంటుంది. తండ్రీ కూతుళ్ళది ఒకటే బడి.

ఆమె తండ్రి, అంటే తాత, ఉద్యోగం చేసినన్నాళ్ళూ డబ్బాలకీ అట్టపెట్టెలకీ లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో పనిచేశాడు. గడువు తేదీల ముద్ర వేసే మెషీను ఆయన చేతి కిందే ఉండేది. అందుకే ఆయనకి తేదీల తాత అనే పేరు స్థిరపడింది. ఒక బిస్కెట్ల కంపెనీవాళ్ళు ఏడాది గడువుని ఆరు నెలలకి దించమన్న కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పిండి అదే, పొయ్యి అదే, మారింది తన మెషీనులో అంకె ఒక్కటే అనేవాడు. జనం సగం డబ్బా పారేసి కొత్తది కొనుక్కున్నారట. ఆ ఇంటికి అది కథ కాదు, వేదం.

రిటైరైనప్పుడు ఆయన ప్రెస్సు నుంచి ఒక చేతి ముద్ర తెచ్చుకున్నాడు. అంకెల చక్రాలు తిప్పి ఏ తేదీ కావాలంటే ఆ తేదీ కొట్టొచ్చు. భార్య పోయాక కూతురింటికి వచ్చేస్తూ దాన్ని కూడా పెట్టెలో సర్దుకొచ్చాడు. గడువు దాటిన జామ్ సీసా కనబడితే చాలు, పాత తేదీని థిన్నరుతో తుడిచి, కొత్తది కొట్టి, దీనికి ఆయుష్షు పోశానని ప్రకటించేవాడు. చిట్టి చప్పట్లు కొట్టేది. లాండ్రీ అక్క భర్త వస్తువులు చేరవేసే వ్యాను తోలుతాడు. ఊరికే నోరు చేసుకునే మనిషి కాదు. తినేవాటితో ఆటలొద్దు మామయ్యగారూ అని ఒకసారి అన్నాడు గానీ, మీకు సరదా అన్నది తెలియదని లాండ్రీ అక్కే ఆ మాటని కొట్టిపారేసింది. తరవాత అతను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ పొద్దున తాతకి పెన్షనాఫీసులో పని పడింది. ఏటా ఒకసారి వెళ్ళి తాను బతికే ఉన్నానని సంతకం పెట్టి రావాలి. వాళ్ళకి నా క్షేమం మీద ప్రేమ కాదే, ఈసారైనా రాకుండా ఉంటానేమోనని ఆశ అని మనవరాలితో చెప్పి, గొడుగు పట్టుకుని బయల్దేరాడు. బడికి సెలవు కాబట్టి చిట్టి ఇంట్లోనే ఉంది.

మధ్యాహ్నం పక్క వాటాలో గోడలకి పాత రంగు గీకడం మొదలుపెట్టారు. తెల్లటి దుమ్ము మెట్ల మీదికి, కిటికీల్లోంచి గదుల్లోకి వచ్చింది. చిట్టికి ఆయాసం ఉంది. లాండ్రీ అక్క పని ఆపి పైకి వెళ్ళేసరికి పిల్ల మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. భుజాలు పైకి లేస్తున్నాయి గానీ గాలి లోపలికి పోవడం లేదు. పుస్తకాల సంచిలో ఉండాల్సిన ఇన్‌హేలరు బళ్ళోనే మర్చిపోయింది. వంటింటి అలమరలో ఇంకొకటి ఉన్నట్టు గుర్తొచ్చి తల్లి పరుగెత్తింది. కంగారులోనూ తేదీ చూసింది. వచ్చే ఏడాది దాకా గడువుంది. హమ్మయ్య అనుకుంది.

రెండుసార్లు కొట్టించింది. కాసేపు ఆగింది. మళ్ళీ కొట్టించింది. మందు మంచిదే, తేదీ ఉంది, మరి తగ్గదేం? తప్పు పిల్ల దగ్గరే ఉందనుకుంది. "సరిగ్గా పీల్చవే. ఎన్నిసార్లు చెప్పాను, అలా పైపైన కాదు" అని కసిరింది కూడా. చిట్టి కళ్ళు పెద్దవి చేసుకుని తల్లినే చూస్తూ, చెప్పినట్టల్లా పీల్చడానికి ప్రయత్నించింది. గోడ గడియారంలో ఇరవై నిమిషాలు గడిచాయి. పెదాలు నీలంగా మారడం చూశాక గానీ ఆమెకి ఆస్పత్రి గుర్తు రాలేదు.

పక్క కొట్టు టైలరు తన స్కూటరు మీద ఇద్దర్నీ తీసుకెళ్ళాడు. అక్కడికి చేరేసరికి పిల్లకి స్పృహ లేదు. గొంతులోకి గొట్టం వేసి, మెషీనుకి తగిలించి, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు.

ఆ సాయంత్రమే డాక్టరు ఇంట్లో ఏ మందు కొట్టించారని అడిగింది. లాండ్రీ అక్క కొంగున కట్టుకొచ్చిన ఇన్‌హేలరు ఇచ్చింది. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ రకం తయారీ ఆపేసి మూడేళ్ళు దాటిందే, వచ్చే ఏడాది తేదీ ఎలా ఉంటుంది అని స్పిరిట్ దూదితో అంకెల మీద ఒక్కసారి రుద్దింది. నల్ల సిరా దూదికి అంటుకుంది. పాత అంకెలు లీలగా కనబడ్డాయి. గడువు తీరి రెండేళ్ళు దాటింది.

ఇందులో మందు ఎంత మిగిలిందో చెప్పలేనని డాక్టరు నెమ్మదిగా అంది. "కానీ ఆ ఇరవై నిమిషాలు మీరు ఇంట్లో ఆగకుండా ఉండాల్సింది."

ఆ దూది మీది సిరా ఎవరిదో లాండ్రీ అక్కకి ఒకరు చెప్పక్కర్లేదు. పెన్షనాఫీసు నుంచి నేరుగా వచ్చిన తండ్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడని తెలిసీ అటు వెళ్ళలేదు. భర్తకి మాత్రం చెప్పింది. అతను గోడకి ఆనుకుని అంతా విన్నాడు. అరవలేదు, ఒక్క మాట తూలలేదు. అదే ఆమెని భయపెట్టింది.

"పాప ఇంటికొచ్చేసరికి ఆయన ఆ ఇంట్లో ఉండకూడదు. మీ తమ్ముడి దగ్గరికి పంపించు" అన్నాడు.

ఆమె సరేనంది. తమ్ముడు తండ్రితో మాట్లాడి ఎన్నేళ్ళయిందో, వాళ్ళింట్లో ఆయన ఏ మూల ఎలా బతుకుతాడో తెలిసి కూడా సరేనంది. ఆ క్షణంలో ఆయన ఎక్కడ ఎలా ఉన్నా ఆమెకి పట్టలేదు.

మూడో రోజు పొద్దున గొట్టం తీశారు. గండం గడిచిందన్నారు. తల్లి మంచం పక్కన కూర్చుని పిల్ల నుదురు నిమిరింది. చిట్టి పెదాలు కదిలాయి. గొంతు బొంగురుగా ఉంది, వంగితే గానీ వినబడటం లేదు.

"నేను సరిగ్గా పీల్చలేదమ్మా. ఈసారి బాగా పీలుస్తా" అంది.

లాండ్రీ అక్క పిల్ల ముందు ఏడవకూడదని పంటి బిగువున లేచి బయటికి వచ్చింది. వరండాలో తండ్రి అదే బెంచీ మీద, మూడు రోజుల కిందటి చొక్కాతోనే ఉన్నాడు. ఆమె ఆయన ముందు నిలబడి, ఇన్‌హేలరు ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది నువ్వేనా నాన్నా?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. ముద్ర తనదేనన్నాడు. పోయిన వేసవిలో అలమర సర్దుతూ గడువైపోయినవన్నీ పారేయమని నువ్వు చెప్పావు, నాకు చేతులు రాలేదు, అన్నీ వరసగా పెట్టి ఒకే తేదీ కొట్టేశాను, ఏది ఏమిటో చూడలేదు అన్నాడు.

"చూడలేదా? సాసు సీసాకీ నా కూతురి ప్రాణానికీ తేడా చూడలేదా?" ఆమె గొంతు పెరిగింది. వరండాలో వాళ్ళు తలలు తిప్పారు. "నువ్వు కొట్టిన అంకెని నమ్మి ఇరవై నిమిషాలు కూర్చున్నాను. తేదీ పాతదని తెలిస్తే ఒక్క నిమిషం ఆగేదాన్ని కాదు. మందు పనిచేస్తోంది, పిల్లకే పీల్చడం రాలేదని దాన్ని తిట్టాను. పెదాలు నీలంగా అవుతుంటే తిట్టాను నాన్నా."

లోకంలో ఎవడు ఏం రాసినా అందులో మోసం వెతుకుతావు, మరి నువ్వు రాసినదాని వెనక ఏముందని నిలదీసింది. ఆ బిస్కెట్ల కథ ఒకటి పట్టుకుని ఇన్నేళ్ళూ మా అందర్నీ నవ్వించావే అంది.

"బిస్కెట్ల కథ నిజమే అమ్మా. కానీ అదొక్కటే చెప్పాను."

ఆయన చూపు నేల మీదే ఉంది. కూతురు పుట్టిన కొత్తలో ప్రెస్సుకి మందుల పని వచ్చేదని చెప్పాడు. పిల్లల జ్వరం మందు. అమ్ముడుపోక, గడువు దాటి కొట్ల నుంచి తిరిగొచ్చిన సీసాలు పెట్టెలకి పెట్టెలు వచ్చేవి. సెలవు రోజున యజమాని నమ్మకస్తులిద్దరిని పిలిపించి, పాత లేబుళ్ళు పీకించి, కొత్త తేదీలతో కొత్తవి అతికించేవాడు. ఆ ఇద్దరిలో తానొకడు. ఒకసారి ధైర్యం చేసి, ఇది తప్పు కాదా సార్ అని అడిగితే యజమాని నవ్వాడట. తేదీలన్నీ ఉత్తివేనయ్యా, జనాన్ని భయపెట్టి కొనిపించడానికి పెట్టినవే అన్నాడట.

"ఆ మాట పట్టుకునే బతికాను. తేదీలు ఉత్తివైతే నేను తప్పు చేయనట్టేగా. అందుకే కనబడిన లేబులునల్లా ఉత్తిదనే అన్నాను. మీరు నవ్వుతుంటే నాకు బలంగా ఉండేది." ఆయన ఇన్‌హేలరుని అరచేతిలో తిప్పాడు. "మొన్నటి నుంచి ఇక్కడ కూర్చుని అదే ఆలోచిస్తున్నాను. ఎన్నిళ్ళలో ఎందరు తల్లులు నీలాగే గడియారం చూస్తూ కూర్చున్నారో. ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు."

లాండ్రీ అక్క బెంచీ మీద కూలబడింది. ఎన్నో పొద్దులు తాము విరగబడి నవ్విన ప్రతి నవ్వూ ఈ ముసలాయన ఒక్కో సెలవు రోజు మీద కప్పిన దుప్పటి అని ఆమెకి ఇప్పుడు అర్థమైంది. కోపం పోలేదు. కానీ కోపం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. భర్త ఒక్కసారి వద్దంటే నోరు మూయించింది తానే. తండ్రి ముద్ర కొడుతుంటే చూసి నవ్వింది తానే. ఆమె మొహం చేతుల్లో దాచుకుని, మూడు రోజులుగా ఆపుకున్నదంతా ఏడ్చింది. తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, తనకా హక్కు లేదన్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

ఆమె సర్దుకున్నాక ఆయనే అన్నాడు, అల్లుడుగారు చెప్పినదాంట్లో తప్పు లేదని. ఆ మాట గోడ అవతల నుంచి విన్నాడట. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతానన్నాడు.

"ఎక్కడుంటావన్నది తరవాత చూద్దాం. ముందు లోపలికి వెళ్ళు."

"దాని మొహం ఎలా చూడనమ్మా? ఏం చెప్పను?"

"అది సరిగ్గానే పీల్చిందని చెప్పు. మందు ఎందుకు పనిచేయలేదో కూడా నువ్వే చెప్పు. తప్పు తనదేననుకుంటోంది నాన్నా."

ఆయన మొహం చూసి ఆమె భయపడింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. చెయ్యి పట్టుకుని లేపింది. ఆయన తలుపు దాకా వెళ్ళి ఆగి, మళ్ళీ అడుగు వేశాడు. అప్పుడే మందులతో వచ్చిన భర్త ఏదో అనబోతే, ఆమె ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. ఇద్దరూ తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డారు.

మాటలు వినబడలేదు. తాత మంచం పక్కన నిలబడే చెప్పాడు. చెబుతూ చెబుతూ రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చిట్టి ఆయన్ని రెప్ప వేయకుండా చూసింది. చెప్పడం అయిపోయాక మొహం గోడ వైపు తిప్పేసుకుంది. ఆయన వెనక్కి రాలేదు, తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు.

చాలాసేపటికి చిట్టి ఇటు తిరిగింది. చేతికున్న సెలైను గొట్టాన్ని జాగ్రత్తగా పైకెత్తి పట్టుకుని, తాత కూర్చోవడానికి మంచం మీద కాస్త పక్కకి జరిగింది.