పుర్రచేతి గచ్చు

మూడో గది గోడలో ఉప్పు తొమ్మిది పాళ్ళని ధ్రువకం చెప్పింది. అసిరి తాపీ పిడితో గోడను తట్టి, పదకొండుకు తక్కువ ఉండదని మనసులో అనుకుంది. ప్రతి ఇంటినీ ప్రతి మనిషినీ లెక్కగట్టే ఆ యంత్రంతో వాదించడం ఆమె ఏనాడో మానేసింది. వాకిట్లో పూతబండి కడుపులో ఆకుపచ్చటి జీవపూత వెచ్చబడుతూ బుడగలు కక్కుతోంది. నాలుగు గంటలకు గొట్టం తెరుచుకుంటుంది. పొద్దుగూకేలోగా జీవపూత పాత గచ్చునంతా తినేసి, దాని చోట తాను గట్టిపడుతుంది. ఉప్పుగాలి మొదలయ్యేలోగా భీమిలి కొత్తగట్టు మీద ప్రతి ఇంటికీ అది పడాలి. పడని ఇంటిని నివాసం కాదని రాసేస్తారు.

"ఇంకా రెండు గంటల నలభై నిమిషాలు," అంది ధ్రువకం చూరు కింద నుంచి. దాని గొంతులో తొందర ఉండదు, కోపం ఉండదు. అందుకే ఆ గొంతంటే అసిరికి ఒళ్ళుమంట.

ఈ ఇంటి కోసం ఆమె పదకొండేళ్ళు కాచుకుంది. పూతపనిలో చేరిందే ఇందుకు. అదీ తండ్రి పేరు బయటపడకుండా అమ్మమ్మ ఇంటిపేరు మీద. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట ఈ గోడలకు గచ్చు చేసింది ఇద్దరే. ఒకడు ఆమె తండ్రి దాలయ్య, రెండోవాడు అతని జోడీ గవరయ్య. ప్రతి మనిషి చేతికీ నాడి వినే కడియం ఉంటుంది, అది ఉంటేనే తలుపులు తెరుచుకుంటాయి. పని మొదలైన మూడో రోజు మధ్యాహ్నం గవరయ్య చేతి కడియంలో నాడి ఆగిపోయింది. ఆ నమోదును ఐదో రోజు రాత్రి దాకా ఎవరూ చూడలేదు. శవం దొరకలేదు. నాడి ఆగిన క్షణాన దగ్గరున్న కడియం ఎవరిదైతే వాడే దోషి, అది సమీప సూత్రం. అప్పుడు దగ్గరున్నది దాలయ్య కడియం.

గవరయ్య చావలేదని, ఆ తర్వాత రెండు రోజులు తన పక్కనే పనిచేశాడని దాలయ్య మొత్తుకున్నాడు. గచ్చును సానరాయితో రుద్ది నునుపు చేసేవాడు చేతికి లోహం ఉంచుకోడు, గీత పడితే గోడ పాడవుతుంది. కడియం విప్పి, ఒంటికి తగిలేలా మొలతాడుకు కట్టుకోవడం పనివాళ్ళ అలవాటు. ఆ రోజు గవరయ్య మొలతాడు తెగింది. కడియం ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. మరైతే ఆ కడియం ఏదని అడిగారు. ఇల్లంతా వెతికినా దొరకలేదు. దాలయ్యను శిక్ష పడ్డవాళ్ళుండే లంగరు దీవికి పంపేశారు.

పోయిన నెల దీవి నుంచి ఉత్తరం వచ్చింది. 'చూపు ఆనడం లేదమ్మా. ఈసారి నిన్ను చేత్తో తడిమి గుర్తుపట్టాలి' అని ఎవరి చేతో రాయించాడు. వచ్చే నెలతో ఇరవై ఏళ్ళు నిండుతాయి, దస్త్రం మూసేస్తారు. మూసిన దస్త్రాన్ని మళ్ళీ ఎవరూ తెరవరు. ఈ గోడల్లో ఏమీ దొరక్కపోతే దాలయ్య దీవిలోనే పోతాడు, హంతకుడిగానే పోతాడు.

మొదటి రెండు గదుల్లో ఏమీ దొరకలేదు. మూడో గదిలో కిటికీ మూసి, దీపాన్ని గోడకు ఆనించి ఏటవాలుగా వెలుగు పారించింది. అలా చూస్తేనే సానరాయి తిరిగిన వంపులు తేలతాయి. ఆమె దీపం పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. వంపులన్నీ ఎడమ నుంచి లేచి కుడికి వాలుతున్నాయి. నడుమ ఒకచోట తట్టింది. డొల్ల చప్పుడు.

ఆ గచ్చు పగలగొడితే వంపులు పోతాయి. అందుకని ఆమె వసారాలోకి వెళ్ళి, గోడ వెనక వైపు నుంచి ఒక్క ఇటుక కదిల్చి లాగింది. లోపల పాత దీపపు గూడు. చెయ్యి పెట్టి తడిమితే గుడ్డపేలిక, అందులో కడియం, దానికి తెగిన మొలతాడు ముక్క. గూళ్ళు మూసెయ్యమంటే మూసేసినవాడు దాలయ్యే. మూలకున్న పేలిక అతని కంట పడలేదు. తన జీవితాన్ని తన తాపీతోనే గోడలో కప్పేసుకున్నాడు. అసిరి అక్కడే చతికిలబడి ఏడ్చింది.

మజ్జిగ గ్లాసుతో వచ్చిన కామేశ్వరి ఆమెను చూసి ఆగిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఇంటావిడ. పూత వారమని గట్టు మీద వాళ్ళంతా ఇళ్ళు ఖాళీ చేసి పోయినా ఈమె ఒక్కతే కదలలేదు.

"అమ్మగారూ, ఇటొచ్చి సూడండి," అంటూ అసిరి ఆమెను గదిలోకి తీసుకెళ్ళి గోడ మీద వెలుగు పట్టింది. "ఇలా ఎడమ నుంచి లేసిన వంపులంటే పుర్రసెయ్యి. మా అయ్యది కుడిసెయ్యి. గవరయ్య మావది పుర్రసెయ్యి. నాడి ఆగిన కడియం లోపలుంది. దాని మీద గచ్చు ఆరినాక రాయి పెట్టి రుద్దినోడు గవరయ్య మావే. సచ్చిపోయినోడు గోడెలా రుద్దుతాడు?"

కామేశ్వరి గోడ మీది వంపుల్ని వేలితో తడిమింది. "నువ్వు దాలయ్య కూతురివా?" అని మెల్లగా అడిగింది. అసిరి తలూపింది.

"పనైనన్ని రోజులూ వాళ్ళు ఇక్కడే పడుకునేవారు. ఐదో రోజు సాయంత్రం ఈ గడప మీదే మజ్జిగ తాగాడమ్మాయ్ గవరయ్య. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. ఊరి గేటు తెరుచుకోలేదట, సొంతింటి తలుపూ తెరుచుకోలేదట. చచ్చినవాడి లెక్కన రాశారు కదా మరి. మా ఆయన లోపలికి రానివ్వలేదు. రేవు వైపు నడిచి వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ ఎవరూ చూడలేదు."

"మరెందుకు సెప్పలేదు?"

"చెప్పాను. ధ్రువకం నా మాటని జ్ఞాపకలోపం అని రాసుకుంది. ఇంకోసారి చెప్తే ఇంటి ధ్రువపత్రం పోతుందని మా ఆయన నా నోరు మూయించారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. నేనింకా నోరు మూసుకునే ఉన్నాను." ఆమె గ్లాసు కింద పెట్టింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

అసిరికి ఆమె మీద కోపం ముంచుకొచ్చింది. కోప్పడడానికి వ్యవధి లేదు. నాలుగు కావడానికి పదిహేను నిమిషాలే ఉన్నాయి.

"పూత ఆపాల," అంది చూరు వైపు చూసి. "ఈ గోడ సాచ్చికం."

"గోడకు నాడి లేదు. నాడి లేని సాక్ష్యం చెల్లదు," అంది ధ్రువకం.

"కడియం దొరికింది గదా."

"ఆ కడియం మూడో రోజు మధ్యాహ్నం ఆగింది. నమోదులోనూ అలాగే ఉంది. నేరం మరింత బలపడింది."

అసిరి పళ్ళు కొరికింది. "పూత ఆగాలంటే ఏటి గావాల?"

"పనిచోట నాడి ఆగితే పని ఆగుతుంది. సమీప కడియాన్ని తీసుకువెళ్ళాక తిరిగి మొదలవుతుంది."

"సమీప కడియం లేకపోతే?"

ధ్రువకం మొదటిసారి ఆలస్యం చేసింది. "అలాంటి సందర్భం నమోదులో లేదు. ఒక మనిషి వచ్చి కళ్ళతో చూడవలసి ఉంటుంది."

అసిరి తన కడియం మీద చెయ్యి వేసి ఆగింది. తానొక్కతే విప్పితే సమీప కడియం కామేశ్వరిది. ఈ ముసలావిడ లంగరు దీవికి పోతుంది, పూతా పడుతుంది. ఆ మాట ఎలా అడగాలో ఆమెకు తెలియలేదు. విప్పాక ఏ తలుపూ తెరుచుకోదు. వచ్చే మనిషి రాకపోతే గవరయ్య నడిచిన దారే ఇద్దరికీ మిగులుతుంది.

"మీకు ఇల్లు పోద్ది అమ్మగారూ," అంది చివరికి.

"ఇదీ ఒక ఇల్లేనా," అంది కామేశ్వరి. మణికట్టు బాగా సన్నబడిపోవడంతో కడియం ఇట్టే జారి వచ్చింది. అసిరిదే కాస్త బిగుసుకుంది, సబ్బు రాసి లాగాల్సి వచ్చింది. రెండు కడియాలూ గూట్లో గవరయ్య కడియం పక్కన పెట్టారు.

రెండు నిమిషాల తర్వాత వాకిట్లో బుడగల చప్పుడు ఆగిపోయింది. పూతబండి మీది ఆకుపచ్చ దీపం ఆరింది. వీధి తలుపు గడియ దానంతటదే పడింది. సమయం నాలుగు దాటింది. గోడ అలాగే ఉంది.

"ఈ ఇంట్లో రెండు నాడులు ఆగాయి," అంది ధ్రువకం. "సమీప కడియం లేదు. ఈ ఇంట్లో ఎవరూ లేరు."

"మజ్జిగ తాగు తల్లీ, ఎండన పడి పనిచేశావు," అంది కామేశ్వరి. అసిరి గ్లాసు అందుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. గుండె దడదడలాడుతోంది. ఆ దడ వినడానికి ఇప్పుడు ఏ కడియమూ లేదు.

తర్వాత ధ్రువకం ఒక ప్రశ్న అడిగింది. దానికి తెలియనిది ఉంటుందని, అది ఎవరినైనా అడుగుతుందని అసిరి ఎన్నడూ అనుకోలేదు.

"మాట్లాడుతున్నది ఎవరు?"

"దాలయ్య కూతుర్ని," అంది అసిరి.