కాఫీయా, టీయా?

పొద్దున్నే పుసాన్ రేవులో ఒక ఇంజనీరు శవం తేలింది. అతని దగ్గరుండాల్సిన జలాంతర్గామి మైక్రోఫిల్మ్ మాయమైంది. విదేశీ ముఠా కొరియర్ దాన్ని ఆ మధ్యాహ్నమే రైల్లోనో, ఓడలోనో దాటిస్తాడు. ఏ దారో కనిపెట్టే పని సొల్ మిర్యంగ్‌ది. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఆమె మాత్రం ఏజెన్సీ మనిషి. కొరియర్‌ను కాఫీహోటల్లో కలిసి దారి తెలుసుకున్నాక, ఆమె కాఫీ అడిగితే రైలు, టీ అడిగితే ఓడ అని ఏజెన్సీకి సంకేతం. మైక్ ఆమె బ్రోచ్‌లో ఉంది.

బయట వ్యానులో చీఫ్, ఏజెంట్ ఓక్ థేసు, నారింజలమ్మే వేషంలో ఏజెంట్ ప్యో జిన్‌గుక్. థేసు మెడలో మిర్యంగ్ అల్లిన మఫ్లర్. జిన్‌గుక్ చెవి రిసీవర్ మీద, కన్ను మఫ్లర్ మీద.

ఆమె గొంతొక్కటే వినబడింది. "చా-నా మాషిజో."

"టీ. అంటే ఓడ" అన్నాడు చీఫ్. "రేవుకి పోనీ."

జిన్‌గుక్‌కు "చా", అంటే టీ, వెనక తగిలించిన ఆ "నా" ముల్లులా గుచ్చుకుంది. రెండు పేర్ల మధ్య నిలబడితే అది "లేదా". ఒక్క పేరుకే అంటుకుంటే, కోరింది దొరక్క దీనితో సరిపెట్టుకోవడం. థేసు ఊళ్ళో లేని ప్రతిసారీ మిర్యంగ్ తనతో అనే మాటే అది: పోనీ, టీ అయినా తాగుదాం. ఆ "పోనీ"ని అతను ఎన్నిసార్లు దిగమింగాడో.

"సార్, ఆమె అడగాలనుకున్నది కాఫీ. లోపల కాఫీ అయిపోయినట్టుంది. రైలు సార్."

"టీ అంది కదన్నా" అన్నాడు థేసు నవ్వుతూ. "తోక పట్టుకుని వేలాడతావేం?"

చీఫ్ కూడా వినలేదు. జిన్‌గుక్ బుట్టతో సహా వ్యానులోంచి దూకేశాడు.

అతను స్టేషన్ చేరేసరికి రైలు కదిలింది. చివరి పెట్టె తలుపు దగ్గర కొరియర్ నిలబడి ఉన్నాడు. జిన్‌గుక్ కమ్మీ పట్టుకుని ఎక్కగానే వాడు గొడుగెత్తాడు. దాని మొనలోంచి దూసుకొచ్చిన విషపు సూది నారింజల బుట్టలో దిగింది. మరుక్షణం ఇద్దరూ ప్లాట్‌ఫారం మీద దొర్లారు. గొడుగు పిడి విరిగి మైక్రోఫిల్మ్ బయటపడింది.

కాసేపటికి రేవు నుంచి వ్యాను తిరిగొచ్చింది. హోటల్లో నిజంగానే కాఫీ అయిపోయిందని చెప్పడానికి మిర్యంగ్ పరుగున వచ్చింది. జిన్‌గుక్‌ను దాటుకుని, నేరుగా థేసు దగ్గరికి.

"నీకు వ్యాకరణం మీద ఇంత పట్టు ఎప్పట్నుంచయ్యా?" అడిగాడు చీఫ్.

జిన్‌గుక్ వాళ్ళిద్దరి వైపే చూస్తూ అన్నాడు. "ఈ థేసు మన ఆఫీసుకు బదిలీ అయి వచ్చినప్పట్నుంచి సార్."