గాలిసంచి అయిన ఎర్రచీర

వంశధార పొంగి గుణుపురం సంతవీధిలో పడవ నడిచిన ఏడు అది. ఊరవతల విమానాలు దిగే మైదానం మాత్రం మునగలేదు. దానికి కాపలా అసిరయ్య. మైదానంలోకి చొరబడే మేకల్ని తోలేయడం, గాలి ఎటు వీస్తోందో పైలట్‌కి కనబడేలా స్తంభానికి గుడ్డసంచి ఎగరేయడం అతని పని.

మేకలన్నీ జోగయ్య కూతురు కుంతివే. రోజూ తగువే.

ముసురు వెలిసిన రోజు మందుల విమానం రొద వినబడింది. తీరా చూస్తే స్తంభానికి సంచి లేదు. గాలివాన ఎత్తుకుపోయింది! కంచె మీద ఎర్రచీర ఆరుతోంది. అసిరయ్య దాన్ని లాగి, తాడుకి కట్టి పైకెత్తేశాడు.

"ఓలమ్మో, నా సీర!" కుంతి పరుగున వచ్చింది. "దింపు! ఊరంతా సూత్తన్నారు!"

"ఇమానం దిగనీ, అమ్మీ."

"నీ తువ్వాలు కట్టలేపోనావా?"

"నా తువ్వాలు అంతెత్తు నుంచి కంటికి ఆన్తాదేటి!"

విమానం క్షేమంగా దిగింది. "వెరీ గుడ్ కలర్!" అంటూ పైలట్ నవ్వాడు. చీర దించితే నిలువునా చిరిగివుంది. కుంతి కళ్లు నిండాయి.

"రేపు రామనగుడోళ్లు నన్ను సూడ్డానికి వత్తన్నారు. ఇదే కట్టుకోవాల."

అసిరయ్య గుండె జారింది. చీర కోసం కాదు.

సాయంత్రం కొత్త ఎర్రచీర కొని జోగయ్య అరుగు మీద పెట్టాడు. కుంతి తల్లి అమ్మన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమవాళ్లలో పెళ్లికాని పిల్ల ఇంటికి మగాడు చీర తెచ్చాడంటే, పిల్లని అడిగినట్టే. ఆ సంగతి అసిరయ్యకి అప్పుడు గుర్తొచ్చింది.

"సిరిగిందానికి బదులా? పిల్లకా?" జోగయ్య అడిగాడు. "ఏటో ఒకటి సెప్పు. బదులైతే తీసుకుంటాం, రేపు కట్టుకుంటాది."

అసిరయ్య తువ్వాలు అంచు మెలిపెట్టాడు.

తలుపు చాటు నుంచి కుంతి గొంతు: "మేకల్ని అదిలించినప్పుడు ఊరు దద్దరిల్లుతాది. ఇప్పుడా గొంతు ఏటయిపోనాదో!"

"పిల్లకే... మావా," అన్నాడు అసిరయ్య. అంతవరకూ జోగయ్యని అతను "బాబూ" అనే పిలిచేవాడు.

జోగయ్య మీసం కదిలింది. "అమ్మన్నా, రామనగుడోళ్లకి రావద్దని కబురెట్టు. పిల్ల ముందే ఎగిరిపోనాదని సెప్పు."

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి.

మర్నాడు పొద్దున్నే అసిరయ్య చిరిగిన చీరని సంచిలా కుట్టి స్తంభానికి ఎగరేశాడు. ఆ రోజు విమానం లేదు. నెమ్మదిగా వెళ్లి, కుంతి మేకల కోసం కంచె తలుపు తనే తీసి పట్టుకున్నాడు.