గవులమ్మ కళ్ళు

కేశవులుకి కొత్త టార్చిలైటు వచ్చింది. ఇక రాళ్ళకొత్తూరులో ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది.

షామియానాలు, మైకుసెట్లు, రంగురంగుల బల్బుల తోరణాలు అద్దెకిచ్చే మనిషికి వెలుతురంటే పిచ్చి ఉండడంలో వింతేమీ లేదు. కానీ ఈ పిచ్చి హద్దు దాటింది. జానెడు కూడా లేని ఆ టార్చి మీట నొక్కితే ఊరి బయట కొండ మీద మేస్తున్న మేక గడ్డం కనబడేది. రెండు రోజుల్లోనే ఊళ్ళో ఉన్న చీకటంతా అయిపోయింది. ఇంకా ఎక్కడైనా మిగిలిందా అని వెతుకుతుంటే మేనత్త ఓబుళమ్మ పెరట్లో ఉన్న పాతర గుర్తొచ్చింది. జొన్నలు దాచుకోవడానికి పూర్వం నేలలో తవ్వుకున్న గొయ్యి అది. మూతి ఇరుకు, లోపల గదంత వెడల్పు. మూసిన బండను ఏళ్ళ తరబడి ఎవరూ కదిలించలేదు.

బండ జరిపి, చెడుగాలి పోయేదాకా ఒక రోజు ఆగి, కేశవులు బోర్లా పడుకుని టార్చి లోపలికి కొట్టాడు.

"ఏముందిరా లోపల? మీ తాత లంకెబిందెలేమన్నా పెట్టినాడా?" అంది ఓబుళమ్మ వెనకనుంచి.

"గోడలో గూడుంది అత్తా! గూట్లో ఏదో రాయి ఉండాది!"

బోరుబావుల్లోంచి మోటార్లు పైకి లాగే మస్తాన్ వలి పక్క వీధిలోనే ఉంటాడు. అతని బండి మీద తాడు లేని రోజుండదు. వలి నడుముకు తాడు కట్టుకుని దిగి, ఆ రాయిని పైకి తెచ్చాడు. తుడిచి చూస్తే అరచేతిలో పట్టే రాతి దీపం. లోపల, అంచుకూ అడుగుకూ సరిగ్గా మధ్యలో ఒక గీత. దీపం కింద ఉలితో చెక్కిన కన్ను.

ఓబుళమ్మ ఆ దీపాన్ని చేతిలోకి తీసుకుని, ఉన్నచోటే చతికిలబడింది.

"ఇది మా జేజినాయన దీపంరా, కేశవా," అంది. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే ఆ కన్నును వేలితో తడిమింది.

ఆమె జేజినాయన, అంటే కేశవులు ముత్తాత పెద్దోబన్న, గవులమ్మ గుడి పూజారి. బందిపోట్లు ఊరిమీద పడతారని తెలిసిన రోజు అమ్మవారి బంగారు కళ్ళు ఊడదీసి, ఎర్రమల కొండల్లో దీపాల గవి అనే గుహలో దాచడానికి ఒంటరిగా వెళ్ళాడు. చలిజ్వరంతో తిరిగొచ్చాడు. "సగం నూనెకాడ పెట్టినా" అని మాత్రం అన్నాడు. తెల్లారేసరికి లేడు. అతని దీపం కనబడక, ఆ మాట ఏ చోటు చెబుతోందో ఎవరికీ తెలియలేదు. తెలియని దానికి ఊరు తనకు తోచిన అర్థం చెప్పుకుంది. ఆ రోజు నుంచి వాళ్ళ ఇంటికి 'కండ్లు మింగినోళ్ళు' అని పేరు పడింది. జాతరలో వాళ్ళ బోనం అందరికంటే చివర. గుడి గడప దాటి లోపలికి పోకూడదు. అమ్మవారికి అప్పటినుంచీ పసుపుముద్దతో దిద్దిన కళ్ళే. ఒక్కసారి ఆ గడప దాటి, తన చేత్తో హారతివ్వాలని ఓబుళమ్మ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ అనుకుంటోంది. వయసు డెబ్బైకి దగ్గర పడింది. అనుకోవడం మాత్రం తగ్గలేదు.

"గవిలో నీళ్ళు తెచ్చి అమ్మకు పోసేవాళ్ళంట ఆ కాలంలో. నూనె సగం కాలేదాకా ముందుకు పోవాల. గీత తేలిందంటే, అమ్మే పిలిచినా సరే, ఎనక్కి తిరగాల. మిగిలిన సగం ఇంటికి రావడానికి," అంది చివరికి.

కేశవులు ఎగిరి గంతేశాడు. "అయితే ఈ దీపంలో నూనె గీతకు దిగేసరికి ఎంతదూరం పోతామో, అక్కడే పెట్టినాడు! మనం పోదాం అత్తా! వారంలో జాతర. ఈ లోపలే పోదాం!"

అసలు చిక్కు సెల్లు దగ్గర వచ్చింది. టార్చితో పాటు ఒక సెల్లు వచ్చింది. చార్జింగు పెట్టుకునే రకం. దాని మీద బలం మూడున్నర వేలని అంకె. మన కేశవులుకి అది ఆనలేదు. వెతికి వెతికి, పెద్ద అక్షరాలతో తొమ్మిదివేల తొమ్మిదివందలని రాసి ఉన్న జత ఒకటి తెప్పించాడు. ధర తక్కువ, అంకె ఎక్కువ. ఇంకేం కావాలి?

వలి ఒక చేతిలో పాతది, ఒక చేతిలో కొత్తది పట్టుకుని ఎగరేసి చూశాడు. "అన్నా, కొత్తవి బెండు మాదిరి తేలిగ్గా ఉండాయే!"

"కొత్త రకంరా అది. నీకు తెలీదు."

"తొమ్మిది వేలని ఎవరు రాసినారురా?" అంది ఓబుళమ్మ.

"చేసినోళ్ళే రాస్తారు అత్తా."

"నా కోడిపెట్ట మీద నేను ఏనుగని రాసుకుంటే?"

కేశవులు వినిపించుకోలేదు. పైగా ఇద్దరికీ పాఠం చెప్పాడు. ఈ సెల్లును తాళంచెవులతో, చిల్లరతో కలిపి పెట్టకూడదు, రెండు కొసలూ ఇనుముకు తగిలితే నిప్పు పుడుతుంది, గుడ్డలో చుట్టి పెట్టాలి అని. ఆ పాఠం మాత్రం తిరుగులేనిది. పాత సెల్లును ఇంట్లోనే చార్జింగు డబ్బాలో వదిలేసి, కొత్తవి రెండూ సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరారు. కొండ మొదట్లో బండ్లు ఆపి, తడుస్తాయని సెల్‌ఫోన్లు బండి డిక్కీలో పెట్టి, చండ్ర చెట్ల మధ్య కాలిబాట పట్టారు. ఎండ ఎక్కే వేళకు గవి మూతి కనబడింది. ముందు ఏదుపంది ముళ్ళు రాలి ఉన్నాయి. లోపలినుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. వలి తాడు కొసను చెట్టు మొదలుకు బిగించాడు. ఓబుళమ్మ దీపం నిండా ఆముదం పోసి, వత్తి వెలిగించి, అరచేయి అడ్డం పెట్టింది.

"నా అడుగే అడుగు. మీరు ఉరకొద్దు. దీపం పట్టుకున్నోడు ఎట్ల నడుస్తాడో అట్లనే పోవాల," అంది.

మొదట్లోనే పొట్టమీద పాకాల్సిన సందు. కింద చీలమండలోతు నీళ్ళు. దీపం వలి చేతికి, వలి చేతినుంచి మళ్ళీ ఓబుళమ్మ చేతికి మారింది. ఆరలేదు. వలి జేబులో అగ్గిపెట్టె మాత్రం నాని ముద్దయింది. సందు దాటాక గవి ఒక్కసారిగా విశాలమైంది. పైనుంచి రాతి ఊడలు దిగాయి. ఎక్కడో నీటిచుక్క పడుతోంది. కేశవులు టార్చి కొట్టిన చోటల్లా కొత్త సంగతి కనబడుతోంది. తెల్లటి సాలీడు. తడిరాతి మీద పిల్లల వేళ్ళంత సన్నటి మొలకలు. "అదేంది? ఇదేంది?" అని ముగ్గురూ అడగడమే గాని చెప్పేవాళ్ళు లేరు.

దారి రెండుగా చీలిన చోట వలి చేతిలో తాడు అయిపోయింది. అతను దాని కొసను ఒక రాతి ఊడకు చుట్టాడు. "పెద్దమ్మా, ఇక్కడినుంచి తాడు లేదు."

"దీపం ఉండాది గదా," అని ఓబుళమ్మ ఎడమ దారిన నడిచింది. గాలి అటునుంచే వస్తోంది, పూర్వం నీళ్ళకు పోయిన దారి అదే అయి ఉంటుందని ఆమె లెక్క.

ఇంకా కొంత దూరం పోయాక ఆమె ఆగింది. నూనె దిగి, గీత తేలింది. వాళ్ళు నిలబడిన చోటు సున్నం కొట్టినట్టు తెల్లటి గోడలున్న గది.

"ఇక్కడే!" అని అరిచి కేశవులు టార్చిని మొత్తం వెలుగులో పెట్టాడు.

గది భగ్గుమంది. తెల్లరాయి వెలుతురును తిరిగి మొహాన కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రతి తడి బొట్టూ మెరిసింది. ఎక్కడా నీడ లేదు, మిట్టపల్లాలు తెలియడం లేదు. గోడంతా ఒకటే తెలుపు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. టార్చి వేడెక్కి చెయ్యి కాలింది. అది తనంతట తానే వెలుగు తగ్గించుకుంది. కేశవులు ఊరుకుంటాడా? మళ్ళీ పెంచాడు. అది తగ్గించింది, ఇతను పెంచాడు. మీట చుట్టూ సెల్లు బలం చెప్పే చిన్న దీపం ఒకటుంటుంది, నిండుగా ఉంటే పచ్చగా, సగానికి పసుపుగా, అయిపోవస్తే ఎర్రగా. అది ఎర్రబడి ఎంతసేపయిందో అతనికి తెలియదు. దాని మీదే బొటనవేలు పెట్టి నొక్కుతున్నాడు.

పైకప్పులో ఏదో కదిలింది.

"తల వంచండి!" వలి కేక పెట్టాడు.

వెలుతురుకు బెదిరిన గబ్బిలాలు వందలకొద్దీ ఒక్కసారి కిందికి దూకాయి. రెక్కలు చెంపలకు తగిలాయి. ఓబుళమ్మ జారిపడింది, చేతిలో దీపం ఎగిరిపోయింది. మిగిలిన సగం నూనె గబ్బిలాల పెంటలోకి ఇంకిపోయింది. అదే క్షణంలో టార్చి ఆరిపోయింది. పాతకాలం టార్చిలు మెల్లగా ఎర్రబడి, పోతున్నానని చెప్పి మరీ పోయేవి. ఇది చెప్పకుండా పోయింది.

అలాంటి చీకటి కేశవులు పుట్టి ఎరగడు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

"ఉండండి, ఇంకోటుంది!" తడుముకుంటూ రెండో సెల్లు వేశాడు. వెలిగింది. ముగ్గురూ ఊపిరి పీల్చుకునేలోపే మీట ఎర్రబడింది. ఆరింది. తొమ్మిదివేల తొమ్మిదివందల సంగతి అంతటితో తేలిపోయింది.

"అగ్గిపెట్టె నానిపోయిందన్నా," అన్నాడు వలి. "తాడు కొస యాడుందో కూడా తెలీదు."

కేశవులుకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇద్దరినీ చేజేతులా తీసుకొచ్చి ఇక్కడ పడేశాడు. "అత్తా, నావల్లే. తప్పంతా నాదే. ఆ పాతది తెచ్చుకున్నా బతికిపోదుం."

చీకట్లో ఓబుళమ్మ బొడ్లో ముడి విప్పుతున్న చప్పుడైంది.

"చెయ్యి పట్టు. గుడ్డలో చుట్టే పెట్టినాలే, నువ్వు చెప్పినట్టే. మూడింటిలో ఇదే బరువుండె. బరువున్నది ఇంట్లో ఎందుకని ఎత్తుకొచ్చినా. డబ్బాలో లైటు ఇంకా ఎర్రగానే ఉండె. నిండిందో లేదో నాకు తెలీదు."

కేశవులు సెల్లు అందుకున్నాడు. ఆ చేతిని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలాడు. టార్చి మూత విప్పి, బుడిపె ఉన్న కొసను వేలితో తడిమి, అది ముందుకు ఉండేట్టు సెల్లు దించి, మూత బిగించాడు. మీట మీద వేలు పెట్టాడు. ఈసారి గట్టిగా కొట్టలేదు. నొక్కి పట్టుకుని ఉంటే ఈ టార్చి అన్నిటికంటే చిన్న వెలుగిస్తుంది. తెచ్చిన రోజు, ఇది ఎవరికి కావాలని నవ్వుకున్న వెలుగది.

నొక్కి పట్టుకున్నాడు. దీపమంత వెలుతురు వచ్చింది. మీట చుట్టూ పచ్చగా ఉంది.

జారిపడ్డ ఓబుళమ్మను లేవదీయడానికి రెండు చేతులూ కావాలి. అందుకని టార్చిని గోడ మొదట్లో రాతి అరుగు మీద పడుకోబెట్టాడు. వెలుతురు గోడ వెంట పక్కవాటుగా పాకింది. అంతవరకూ నున్నగా తెల్లగా ఉన్న గోడ మీద గుంటలు, మిట్టలు, నీడలు లేచాయి.

"ఆగు," అంది ఓబుళమ్మ. "కదలొద్దు. లైటు కదిలించొద్దు."

ఆమె నడుమెత్తున గోడ మీద ఒక కన్ను ఉంది. దీపం కింద ఉన్నటువంటిదే. లోతు లేని సన్నటి గీతలు. ఎదురుగా వెలుగు కొడితే ఆ గీతలకు నీడ లేక కనబడలేదు. పక్కనుంచి పడేసరికి నల్లగా తేలాయి. దాని కింద రాతిపగులులో ఒక పలక బిగించి ఉంది. వలి కత్తితో గెలికి పలక ఊడదీశాడు. లోపల మైనం పట్టించిన గుడ్డమూట. విప్పగానే గుడ్డ పొడిపొడిగా రాలింది. మధ్యలో రెండు బంగారు కళ్ళు, నల్లరాతి పాపలతో, పైకి చూస్తున్నాయి.

ఓబుళమ్మ గట్టిగా, సిగ్గుపడకుండా ఏడ్చింది. "మింగలేదు జేజినాయనా! నువ్వు మింగలేదు!" ఆ అరుపు గవిలో తిరిగి తిరిగి చాలాసేపు వినబడింది.

వలి అప్పటికే గది చివరకు పోయాడు. "అన్నా! ఇటు రా! ఇక్కడ ఇంకో సందుంది. లోపల నీళ్ళు పారతాండాయి. ఏదో మిలమిలా అంటాంది!"

కేశవులు వంగి చూశాడు. నిజమే. లోపల, చాలా లోతున, ఏదో మెరుస్తోంది. నీళ్ళా? రాయా? ఇంకేమన్నానా? చూడాలని ప్రాణం కొట్టుకుంది. ఒక్కసారి వెలుగు పెంచితే చాలు, తెలిసిపోతుంది. వేలు మీట మీదికి పోయింది. అప్పుడు చూశాడు. మీట చుట్టూ పచ్చ పోయి, పసుపు వచ్చింది.

"సగమైంది," అన్నాడు. "పాండి ఎనక్కి."

"ఒక్క నిమిషం అన్నా..."

"అమ్మే పిలిచినా సరే. పా!"

ఓబుళమ్మ అతనివైపు వింతగా చూసింది. కళ్ళను సెల్లు చుట్టిన గుడ్డలో మూటగట్టి బొడ్లో దోపుకుని, కింద పడ్డ దీపం ఏరుకుని ముందు నడిచింది. వచ్చేటప్పుడు పడ్డ తమ అడుగుల తడి చూసుకుంటూ, తప్పినచోట వెనక్కొచ్చి మళ్ళీ పట్టుకుంటూ, చీలిక దగ్గరికి చేరారు. రాతి ఊడకు తాడు కొస కనబడింది. వలి దాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇంకాస్త పోయాక మీట ఎర్రబడింది, ఆ తరవాత టార్చి ఆరింది. అప్పుడు ఎవరూ భయపడలేదు. తాడు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు, నీళ్ళ సందులో పాకి, మట్టికొట్టుకుపోయి, ఎండలోకి వచ్చి పడ్డారు.

జాతర రోజున గుడిలో బసిరెడ్డి నిలబడి ఉన్నాడు. ధర్మకర్త ఆయన. ఓబుళమ్మను గడప బయటే ఆపుతూ వచ్చిన ఇల్లు ఆయనది. ఆమె మూట విప్పి కళ్ళు చూపిస్తే ఆయన వంగి చూశాడు. పక్కకు తప్పుకుని, హారతి పళ్ళెం ఆమె చేతికిచ్చాడు.

"లోపలికి రామ్మా," అన్నాడు.

ఓబుళమ్మ గడప దాటింది. పసుపుముద్ద కళ్ళు తీసి, బంగారు కళ్ళు తన చేత్తో పెట్టింది. గర్భగుడిలో చీకటిగా ఉంది. జనం వెనకనుంచి తోసుకుంటున్నారు, కనబడడం లేదని అరుస్తున్నారు. కేశవులు ఆగలేక, నిండా చార్జింగు చేసిన టార్చి తీసి అమ్మవారి మొహం మీదికి ఎత్తాడు.

"తగ్గించురా," అంది ఓబుళమ్మ, వెనక్కి తిరక్కుండానే. "ఎన్నాళ్ళకో కండ్లు తెరిచింది. గుచ్చుకుంటుంది."

కేశవులు మీట నొక్కి పట్టుకున్నాడు. దీపమంత వెలుగు చాలింది.